అడుగు తడి

చైత్రం, చివరి మంగళవారం

మధ్యాహ్నం రెండు గంటలకు మా గోడపెట్టె ఆగిపోయింది. ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. బయట యాభై ఒక్క డిగ్రీలు. నేను వంటింట్లో గోంగూర వలుస్తున్నాను. పద్నాలుగేళ్ళుగా వింటున్న చల్లగాలి హోరు ఒక్కసారిగా ఆగిపోతే చెవుల్లో దూది కుక్కినట్టుంటుందని ఇవాళే తెలిసింది. అరగంటలో గోడ మీద చెయ్యి ఆనించలేకపోయాను. డబ్బాలో పేరిన నెయ్యి నీళ్ళైపోయింది. నేను తడిబట్ట నెత్తిన వేసుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఏం చెయ్యాలో ఒక్కటీ తోచలేదు. ఇరవై ఆరేళ్ళుగా పైసా పైసా లెక్క రాస్తూ ఇల్లు నడుపుతున్న మనిషిని, పెట్టె ఆగితే ఏం చెయ్యాలో ఎక్కడా రాసుకోలేదు.

తలుపు నేను తియ్యకుండానే తెరుచుకుంది. పక్కింటి నూకరత్నం, నడుం మీద కరెంటు బిందె.

“ఏటొదినా, అలగ కూకుండిపోనావు? గోడ అవతల సప్పుడు ఆగిపోతే మాకు తెల్దనుకున్నావేటి? పట్టు, పట్టు, నడుం ఇరిగిపోతంది!”

నలభై యూనిట్ల నిండు బిందె. ఇద్దరం కలిసి దాన్ని ఫ్యాన్‌కి తగిలించాం. సాయంత్రం ఎండ దిగాక మా ఆయన ఉప్పునీటి కార్ఖానా నుంచి మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చేదాకా ఆ బిందె మీదే బతికాను. మెకానిక్ పెట్టెను ఎలాగో నడిపించి, “ఈ ఎండాకాలం దాటితే గొప్పే అమ్మా,” అని వెళ్ళిపోయాడు.

నూకరత్నం బిందె తిరిగిచ్చేశాను. అడుగు తడిపే ఇచ్చాను. మా మిట్ట మీద ఎవరి బిందెనూ ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు. పాలగిన్నె తిరిగిచ్చేటప్పుడు ఇంత పంచదార వేసి ఇస్తామే, అలాగే బిందె అడుగున మూడో నాలుగో యూనిట్లు ఉంచి ఇస్తాం. దాన్ని అడుగు తడి అంటాం. సముద్రం పైకొచ్చి అందరం ఈ మిట్టకెక్కిన రోజుల నుంచీ ఉన్న అలవాటు. మిగతా యూనిట్లు ఎవరికి అవసరం పడితే వాళ్ళింటికి అవే వెళతాయి. ఉప్పు, చింతపండు, చాకలి పద్దు అన్నీ రాసే నేను బిందెలు మాత్రం రాయను. మా అమ్మా రాయలేదు.

పెట్టె సంగతి తేలేదాకా ఇందులో రాస్తాను. ఎందుకలా చేశావని రేపు మా ఆయన అడిగితే చూపించడానికి ఉంటుంది.

వైశాఖం, మొదటి శుక్రవారం

ఇవాళ హిమజ కంపెనీ దుకాణానికి వెళ్ళి వచ్చాను. కొత్త గోడపెట్టె నాలుగు వేల ఎనిమిది వందల యూనిట్లు! తోటకూర కట్ట మూడు యూనిట్లయిందని నిన్న సంతలో దెబ్బలాడి వచ్చిన మనిషిని.

యూనిట్లు దాచుకునే డిపోలో మా నిల్వ రెండు వేల ఆరు వందలు. అది కింది వరస ఇంటి కోసం పదకొండేళ్ళుగా కూడబెట్టింది. కింది వరస ఇళ్ళు సగం భూమిలోకి తవ్వినవి. పెట్టె లేకపోయినా మనిషి బతుకుతాడు. మా పేరు ఇప్పుడు డిపో జాబితాలో తొమ్మిదోది. ఇంకో రెండు మూడేళ్ళలో పిలుపు రావాలి.

పాత పెట్టెకు కొత్త గుండె వేయిస్తే ఆరు వందలవుతుంది, పూచీ లేదు. సెకండ్ హ్యాండ్‌ది పద్దెనిమిది వందలు, అదీ ఒక్క ఏడాది మాటే. కొత్తదైతే పన్నెండు వందలు ముందు కట్టి, మిగతాది నెలకు నూరు చొప్పున మూడేళ్ళు. వడ్డీ లేదు. వడ్డీ లేదనగానే నాకు అనుమానం వచ్చింది.

“వడ్డీ లేకపోతే మీకేం మిగులుతుందమ్మా?” అని దుకాణంలో అమ్మాయిని అడిగాను.

“మీ ఇంట్లో వృథాగా పోయే కరెంటును మా పెట్టె పోనివ్వదు ఆంటీ. అదే మాకు లాభం, మీకూ లాభం.”

“వృథా అంటే?”

“ఇంటి నుంచి బయటికి వెళ్ళే ప్రతి యూనిట్‌కీ పెట్టె బాధ్యత వహిస్తుంది. ఇదిగో, ఇక్కడ రాసి ఉంది.”

చదివాను. నిజంగానే రాసి ఉంది. మా వరసలో తీగలకు కొక్కేలు తగిలించి కరెంటు దొంగిలించేవాళ్ళున్నారు కదా, వాళ్ళ నుంచి కాపలా అన్నమాట అనుకున్నాను. బాగుందనిపించి దాని కింద గీత కూడా గీశాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన కోదండం అంతా విని, “నువ్వు మూడుసార్లు లెక్కేశాక ఇక నేను వేసేదేముంది?” అన్నారు. “అయినా ఏమే, ఆ పెట్టె మాట్లాడుతుందటగా? ఇంట్లో మాట్లాడేవాళ్ళకు కొదవా మనకి?”

వైశాఖం, రెండో సోమవారం

పెట్టె వచ్చింది. ఇంట్లో ఇరవై ఆరు డిగ్రీలు! ఈ ఇంట్లో దుప్పటి కప్పుకుంటానని కలలో కూడా అనుకోలేదు. పెట్టె గొంతు మెత్తగా ఉంది. నన్ను అమ్మగారూ అంటుంది. రాగానే ఇంటి మనుషులెందరని అడిగింది. ఇద్దరం అని చెప్పాను.

పక్కింట్లో అంతకంటే పెద్ద సంబరం. నూకరత్నం కోడలు పైడితల్లికి నిన్న ఆడపిల్ల పుట్టింది. నూకరత్నం కొడుకు సింహాద్రి సముద్రపు గోడ పనికి వెళ్ళి ఆరు నెలలైంది. జీతం డిపోకి పంపుతాడు, మనిషి రావడానికి వీల్లేదు. ఇంట్లో అత్త, కోడలు, ఇప్పుడీ పసిగుడ్డు. వాళ్ళ పెట్టె కూడా హిమజదే, చిన్నది. బాలింత గది రాత్రింబవళ్ళు చల్లగా ఉంచాలంటే దాని వల్ల కాదు. నూకరత్నం మొహమాటపడుతూ గుమ్మంలో నిలబడితే నేనే మా బిందె ఒకటి నింపి చేతికిచ్చాను.

“ఈ బిందె ఎవరికి అమ్మగారూ?” అంది పెట్టె.

“పక్కింటి నూకరత్నానికి.”

“ఎప్పుడు తిరిగి వస్తుంది?”

“వాళ్ళ వీలు.”

“నమోదు చేశాను.”

నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఓలమ్మ! సచ్చిపోయిన మీ మావగారు మళ్ళీ పుట్టినట్టున్నార్రా బాబూ! ఆయనా ఇలగే కదేటి, గుమ్మంలో కూకుని ఎవులికిచ్చేవు, ఎందుకిచ్చేవు అని!”

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

జ్యేష్ఠం, మొదటి మంగళవారం

మొదటి వాయిదా చీటీ వచ్చింది. నూరు కట్టాలి కదా, అరవై ఒకటే అడిగారు! మిగతా ముప్పై తొమ్మిదికి ‘బాధ్యతా ప్రయోజనం’ అని పేరు పెట్టారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అరవై ఒకటే.

“ఇదేమిటి?” అని పెట్టెను అడిగాను.

“వృథా కాకుండా చూసినందుకు మీ వాటా అమ్మగారూ.”

ఏది వృథా కాలేదో పట్టుకుందామని ఫ్యాన్, పొయ్యి, దీపాలు, నీళ్ళ యంత్రం విడివిడిగా లెక్క కట్టాను. ఎక్కడా ముప్పై తొమ్మిది తేలలేదు. పైగా వాడకం పెరిగింది. మా ఆయనకు చెబితే, “కంపెనీవాడు తగ్గించాడంటే ఎవడి దగ్గరో పెంచే ఉంటాడు,” అన్నారు.

“మీకెప్పుడూ అనుమానమే,” అన్నాను. ముప్పై తొమ్మిదిని కింది వరస ఖాతాలో జమ రాసుకున్నాను.

పాపకు బాలసార చేశారు. బిందెలు వెళుతున్నాయి, వస్తున్నాయి. వద్దంటున్నా నూకరత్నం ప్రతిసారీ అడుగు తడిపే ఇస్తోంది. “కరువులో ఉన్నావు, ఈ నాలుగూ ఎందుకే?” అంటే, “కాళీ బిందె ఇచ్చీసేంత కరువు రాలేదులే ఒదినా,” అంటుంది.

జ్యేష్ఠం, చివరి బుధవారం

వారం రోజులుగా నూకరత్నం రావడం లేదు. నిన్న వరండాలో ఎదురుపడితే తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేనేమన్నానో ఎంత ఆలోచించినా తట్టలేదు. పాపకు పెట్టిన గౌను చిన్నదైందా? బాలసారకు మా ఆయన రాలేదనా? నూకరత్నం అలాంటివి పట్టించుకునే మనిషి కాదు.

ఆషాఢం, మొదటి మంగళవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్న రెండో వాయిదా చీటీ వచ్చింది. పన్నెండు యూనిట్లు. నూటికి పన్నెండు! ఈసారి సంతోషం కలగలేదు. కంపెనీవాళ్ళు నాకు ఎనభై ఎనిమిది యూనిట్లు ఎందుకు వదులుకుంటారు?

ఆ చీటీ పట్టుకుని నిలబడి ఉంటే గోడ అవతల పాప ఏడుపు వినిపించింది. ఏడుపు ఒక్కటే వినిపించింది. దాని వెనక ఉండాల్సిన పెట్టె హోరు లేదు. ఎప్పటి నుంచి లేదో మరి! మా పెట్టె చల్లదనానికి తలుపులు బిగించుకుని కూర్చున్న నాకు ఆ సంగతే తెలియలేదు. నా పెట్టె ఆగినప్పుడు ఆవిడకు తెలిసింది.

వెళ్ళి తలుపు తోశాను. మొహానికి సెగ కొట్టింది. పైడితల్లి నేల మీద తడిబట్ట పరుచుకుని, పాపను పొట్ట మీద వేసుకుని పడుకుంది. పాప ఒళ్ళంతా చెమటకాయలు. గోడ మీద వాళ్ళ పెట్టెకు ఎర్రదీపం. నూకరత్నం విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి విసరడం ఆపలేదు.

“ఏ మొకం పెట్టుకుని ఒచ్చినావొదినా?”

“ఏమైందే? పెట్టె ఎందుకు ఆగింది?”

“ఏమైందా! నువ్వు ఆపించీసినావు, నన్నడుగుతున్నావు!” విసనకర్ర విసిరికొట్టింది. “మొకం మీద అడిగీస్తే నా సెవుల పోగులమ్మి ఇచ్చీసుందును కదా! కంపెనీవోడికి ఎందుకు సెప్పినావు? పెట్టెకి తాళం ఏయించీసినావు, పసిగుడ్డున్న ఇంట్లో!”

ఆవిడ బియ్యం డబ్బా మీద నుంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. హిమజ నోటీసు. నేనిచ్చిన పద్నాలుగు బిందెలూ అందులో తారీఖులతో ఉన్నాయి. ప్రతి బిందె కిందా ఒక వాక్యం: ‘తీసుకున్నవారు నాలుగు యూనిట్లు మొదటి వాయిదాగా చెల్లించి, అప్పును అంగీకరించారు.’

అది మూడుసార్లు చదివాను. మొదటి వాయిదా. అడుగు తడిని మొదటి వాయిదా అన్నారు. ఖాళీ బిందె ఇచ్చి ఉంటే అప్పని రుజువు చెయ్యలేకపోయేవారు. మర్యాద కోసం నాలుగు యూనిట్లు ఉంచింది కాబట్టి, ఉంచిన ప్రతిసారీ అప్పు ఒప్పుకున్నట్టయింది. దాని మీద వడ్డీ. ఆలస్య రుసుము. డిపోలో సింహాద్రి జీతం నుంచి రెండు వందల యాభై నాలుగు కోసేసుకున్నారు. అందులో సగం నాకు వచ్చింది. ముప్పై తొమ్మిది, ఎనభై ఎనిమిది. ఇంకా నాలుగు వందల పన్నెండు బాకీ ఉందనీ, అది కట్టేదాకా వాళ్ళ పెట్టెకు తాళమేననీ కింద రాసి ఉంది.

“నూకరత్నం, నా పద్దు పుస్తకాల మీద ఒట్టు. నేను చెప్పలేదే. నాకు తెలియదు.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

“ముందు లే. పైడీ, లే అమ్మా. మా ఇంటికి పద,” అన్నాను.

పాపను నేనే ఎత్తుకున్నాను. నూకరత్నం కోడలిని నడిపించుకుంటూ వెనకే వచ్చింది. ఒళ్ళు అట్లపెనంలా ఉంది. మా ఇంట్లోకి రాగానే ఆ పసిది ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని ఏడుపు ఆపింది. పైడితల్లి గోడకు జారగిలబడి, పాపను ఒళ్ళోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. అప్పుడు పెట్టె మాట్లాడింది.

“అమ్మగారూ, ఇంట్లో అదనంగా ముగ్గురున్నారు. వారికి అందే చల్లదనాన్ని నూకరత్నం గారి ఖాతాలో నమోదు చేస్తున్నాను.”

“రాయకు!” అని అరిచాను. “నేను రాయమనలేదు!”

“మీ ఇంటి మనుషులు కానివారికి వెళ్ళే ప్రతి యూనిట్‌కీ నాది బాధ్యత. మీరు సంతకం చేశారు.”

నూకరత్నం లేచి నిలబడింది. “పద, పైడీ. ఇక్కడ పీల్చిన గాలీ అప్పేనట. సస్తే మనింట్లోనే సద్దాం.”

పైడితల్లి లేవలేకపోయింది. పాపను గుండెకు ఇంకా గట్టిగా హత్తుకుంది, అంతే. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

“కూర్చో.”

“తప్పుకో ఒదినా.”

“కూర్చోవే! ఒక్క పది నిమిషాలు నన్ను లెక్క చూసుకోనీ. నాకు వచ్చింది అదొక్కటే.”

కూర్చుంది. నేను కాగితం తీసుకున్నాను. నాలుగు వందల పన్నెండూ నేను కట్టేస్తే? ఈ పూటకు తాళం తీస్తారు, రేపటి బిందెతో మళ్ళీ మొదలు. బిందెలివ్వడం మానేస్తే? వాళ్ళ చిన్న పెట్టె ఈ ఎండలకు బాలింత గదిని ఆపలేదు. మా పెట్టె తిరిగిచ్చేస్తే? పన్నెండు వందలు పోతాయి, మా ఇద్దరికీ చల్లగాలి పోతుంది, అప్పు మాత్రం కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఎటు కూడినా ఆ పసిదాని దగ్గరికి వచ్చి ఆగిపోతోంది.

ఒప్పందం మళ్ళీ మొదటి నుంచీ చదివాను. ఈసారి కాపలా ఎవరి మీదో చూస్తూ చదివాను. ఆరో పేజీలో ఉంది: ‘ఒకే ఇంటి మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకోళ్ళు అప్పులు కావు, అంతకుముందువి ఉన్నా రద్దవుతాయి.’

“పెట్టె, ఇంటి మనుషులంటే ఎవరు?”

“ఒకే గడప దాటేవారు అమ్మగారూ. డిపో గడప లెక్కే నాకు ప్రమాణం.”

డిపో గడప లెక్క నాకు కంఠతా వచ్చు. కింది వరస దరఖాస్తు పదకొండుసార్లు నింపిన చెయ్యి ఇది. రెండిళ్ళు కలిపి లోపల దారి ఉండి, బయటికి ఒక్క గడపే ఉంటే అది ఒకే ఇల్లు. మూసేసిన గడప పేర ఉన్నవన్నీ రద్దవుతాయి, జాబితాలో వరసతో సహా.

ఆషాఢం, అదే మంగళవారం, సాయంత్రం

మా ఆయన వచ్చేసరికి ఇల్లంతా పాప గుడ్డలు. అంతా చెప్పాను. ఆయన ఉప్పు పేరుకున్న కనుబొమ్మలు తుడుచుకుంటూ విన్నారు.

“అయితే నూకరత్నం వాళ్ళ గడప మూసేద్దాం,” అన్నారు.

“మాదే మూసీండన్నయ్యా,” అంది నూకరత్నం కూడా. “మీకు కింది వరస ఉంది. పదకొండేళ్ళు దాసినారు.”

అదే సులువు. నేనూ ముందు అలాగే రాసుకున్నాను. కానీ సింహాద్రి జీతం వాళ్ళ గడప పేరే వస్తుంది. ఆ గడప రద్దయితే అతను మళ్ళీ పేరు నమోదు చేయించుకునేదాకా జీతం డిపోలోనే ఆగుతుంది. అంటే ఈ ఎండాకాలం అయిపోయేదాకా. మా ఆయనైతే ఇక్కడే ఉన్నారు, జీతం, నిల్వ ఒక్క రోజులో కొత్త గడప పేరుకు మార్పించుకోవచ్చు. మా పెట్టె ఒప్పందం మాత్రం పెట్టె ఎటు పోతే అటే పోతుంది.

“మూస్తే మనదే మూయాలండి,” అన్నాను.

“పదకొండేళ్ళు, భ్రమరా.”

“తెలుసు.”

“నా మోకాళ్ళు ఆ కింది వరస మెట్లు దిగడం కోసమే ఆగి ఉన్నాయి.”

“అదీ తెలుసు.”

ఆయన కాసేపు ఆ పసిదాన్ని చూశారు. అది నిద్రలో మూతి చప్పరించింది. ఆయన లేచి అటక మీద నుంచి ఉలి, సుత్తి దించారు.

“జరగండమ్మా. దుమ్ము పడుతుంది పిల్ల మీద.”

ఆషాఢం, రెండో శనివారం

డిపో నుంచి గడపల అధికారి వచ్చి చూసి వెళ్ళారు. వంటింటి గోడలో దారి, మా వీధి తలుపు ఉన్నచోట పచ్చి సిమెంటు. ఆయన నా మొహంలోకి అనుమానంగా చూశారు.

“జాబితాలో తొమ్మిదో పేరమ్మా మీది. ఇప్పుడు తీసేస్తే మళ్ళీ ఎక్కించడానికి వీలు లేదు. తెలిసే చేస్తున్నారా?”

“తెలుసండి.”

ముద్ర పడింది. పదకొండేళ్ళు, ఒక్క ముద్ర.

పెట్టె అడిగింది. “ఇంటి మనుషుల పేర్లు, వరసలు చెప్పండి అమ్మగారూ.”

“కోదండం, భర్త. నూకరత్నం, వదిన. సింహాద్రి, మేనల్లుడు. పైడితల్లి, మేనల్లుడి భార్య. పాప, మనవరాలు.”

“నమోదు చేశాను. నూకరత్నం గారి అప్పు రద్దయింది. పక్క పెట్టెకు తాళం తీశారు. మీ బాధ్యతా ప్రయోజనం కూడా రద్దయింది. వచ్చే నెల నుంచి పూర్తి వాయిదా నూరు యూనిట్లు.”

“సరే,” అన్నాను.

అవతలి గదిలో పాత హోరు మొదలైంది. పైడితల్లి చటుక్కున లేచి కూర్చుంది. నూకరత్నం రెండు చేతులతో మొహం కప్పుకుంది.

నాకు వచ్చిన నూట ఇరవై ఏడూ ఆవిడవే. మూడు బిందెలు నిండుగా నింపాను. ఏడు మిగిలితే నాలుగో బిందె అడుగున వేశాను. నాలుగూ గోడలోని దారి దాటించి అటు పెట్టాను. నూకరత్నం వద్దనలేదు. చెంగుతో ఒక్కొక్కటీ తుడిచి లోపల పెట్టుకుంది.

ఆషాఢం, మూడో సోమవారం

పొద్దున్న కాఫీ కలుపుతుంటే వెనక చప్పుడైంది. నూకరత్నం ఆ దారిలోంచి వంగి వస్తోంది, మొన్నటి బిందెలు రెండు చంకల్లో పెట్టుకుని. మా ఆయన కొట్టిన దారి ఆయన ఎత్తుకు సరిపోయింది గానీ, బిందెలతో వచ్చే మనిషికి ఇరుకు.

“ఇవెందుకు తెచ్చావే? ఒకే ఇల్లు కదా, అక్కడే ఉండనీ.”

“ఎవుల బిందె ఆలకి ఇచ్చీవలసిందే కదొదినా,” అంటూ గట్టు కింద పెట్టింది.

పెట్టె మాట్లాడింది. నా చేతిలోని గరిటె కింద పడింది.

“అమ్మగారూ, ఇవి ఖాళీ చేసి తెచ్చిన బిందెలు. కానీ రెండింటి అడుగునా నాలుగేసి యూనిట్లు ఉన్నాయి. పొరపాటున వదిలేసినట్టున్నారు.”

“పొరపాటు కాదు,” అన్నాను.

“అప్పు లేదు. వాయిదా కాదు. మరి దేని కింద నమోదు చేయమంటారు?”

ఇరవై ఆరేళ్ళ నా పద్దుల్లో దానికో పేరు లేదు. నూకరత్నం మాత్రం గరిటె తీసి కడిగి నా చేతికిస్తూ పెట్టె వైపు కూడా చూడకుండా అంది:

“తడి అని రాసుకోవే.”